ఇంటిబడి: మాటల లెక్కలు

గత మాసమున ఈ శీర్షిక క్రింద దిబ్బరొట్టెను ముక్కలు చేసి భిన్నములు నేర్పు విధమును వ్రాసియుంటిమి. ఈ మాసమున సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతపు తల్లులు కొందఱు మమ్ము పదేపదే అడుగుచున్న విషయమొకటి ఎత్తుకొనుచున్నాము. బోలారము, తిరుమలగిరి, మారేడుపల్లి ప్రాంతములలో ఐదవ తరగతి చదువుచున్న ఆడపిల్లను సైనిక్ స్కూలు ప్రవేశపరీక్షకు కూర్చుండబెట్టదలచినవారు వీరు. లెక్కలు బడిలో చెప్పుదురు, భాష బడిలో చెప్పుదురు. లోకజ్ఞానమునకు వార్తాపత్రిక కలదు. కాని ప్రశ్నపత్రమునందు ‘ఇంటెలిజెన్స్’ అను పేరుతో ఒక భాగమున్నదే, దానిని చెప్పువారెవ్వరు? ఏ బడి పీరియడునందును అది కానరాదు. “మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి నేర్పగలము?” అని ఆ తల్లుల ప్రశ్న.

నేర్పగలరని మా నిశ్చితాభిప్రాయము. అంతేకాదు, ఈ భాగములో సగము తెలుగు ఇంట పెరిగిన ఏ తల్లికైనను పుట్టుకతో వచ్చిన విద్యయే. అది ఎట్లో చెప్పుటకు ముందు పరీక్ష సంగతి కొంచెము తెలియవలెను.

సైనిక్ స్కూళ్ళు 1961వ సంవత్సరమున మొదలైనవి. ఆంధ్రదేశమున విజయనగరము దగ్గఱి కోరుకొండలో 1962లో ఒకటియు, రాయలసీమలోని కలికిరిలో 2014లో మఱియొకటియు వెలసినవి. ఆఱు దశాబ్దములు వీని ద్వారములు మగపిల్లలకే తెఱచియుండెను. మిజోరము రాష్ట్రమునందలి ఛింగ్‌ఛిప్ పాఠశాలలో 2018లో ఆడపిల్లలను చేర్చుకొని చూచి, పిదప 2021–22 విద్యాసంవత్సరము నుండి అన్ని సైనిక్ స్కూళ్ళలోను ఆఱవ తరగతిలో వారికి ప్రవేశము కల్పించిరి. వారికై ప్రత్యేకించినవి నూటికి పది స్థానములు. ద్వారము తెఱచిరి గాని సందు సన్ననిది. కనుక అభ్యర్థినుల నడుమ ఒకటి రెండు మార్కుల తేడాయే చాలును, ఒకతె లోపల, ఒకతె బయట.

ఆఱవ తరగతి పరీక్షలో మొత్తము 300 మార్కులు, 125 ప్రశ్నలు, రెండున్నర గంటల కాలము. లెక్కలకు 50 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 3 మార్కులు. భాషకు 25, లోకజ్ఞానమునకు 25, తెలివికి 25. వీనికి ఒక్కొక్కదానికి రెండేసి మార్కులు. తప్పు వ్రాసినచో మార్కులు తగ్గింపరు. చేరు సంవత్సరము మార్చి 31 నాటికి బిడ్డకు పది నిండి పండ్రెండు దాటకుండవలెను. 2021 నుండి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ఈ పరీక్షను నడుపుచున్నది. తెలివికి కేటాయించినవి 50 మార్కులే యని చిన్నచూపు చూడరాదు. లెక్కలలో ఒక మార్కు సంపాదించుటకు ఏడాది పొడుగున చెమటోడ్చవలెను. ఇచట రెండు మార్కులు మెలకువ తెలిసిన పిల్లకు అరనిమిషములో వచ్చును.

ఇచట ఒక హెచ్చరిక. ప్రవేశపరీక్షలన్నియు ఒక్కటి కావు. జవహర్ నవోదయ విద్యాలయముల పరీక్షలో మానసిక సామర్థ్యమునకు 40 ప్రశ్నలు, 50 మార్కులు ఉన్నవి గాని, అవి యన్నియు బొమ్మలతో కూడినవే; మాటల తర్కము అందు లేదు. తెలంగాణ గురుకులముల ఐదవ తరగతి ప్రవేశపరీక్షలో నూటికి 10 మార్కులే ఈ భాగమునకు. సైనిక్ స్కూలు పరీక్షలో మాటలును బొమ్మలును రెండును వచ్చును. ఏ పరీక్షకు ఏ పుస్తకమో చూడక, అట్టపై ‘మెంటల్ ఎబిలిటీ’ అని యున్న ప్రతి పుస్తకమును కొనుట ధనవ్యయమే. బొమ్మల సంగతి మఱియొకసారి వ్రాయుదుము.

ఇక మాటల తర్కము. ఇందు మొదటిది సామ్యము. ‘కుమ్మరి : కుండ :: సాలెవాడు : ?’ అని యడిగి, క్రింద నూలు, మగ్గము, వస్త్రము, రంగు అని నాలుగు ఇత్తురు. పదేండ్ల పిల్ల తటాలున మగ్గమును గుర్తించును. సాలెవాడనగానే మనస్సునకు తోచునది మగ్గమే గదా! ప్రశ్న కూర్చినవారును ఆ సంగతి ఎఱిగియే దానిని అచట నుంచిరి. దీనికి మందు ఒక్కటే: మొదటి జంటను పూర్తి వాక్యముగా పైకి చెప్పించవలెను. ‘కుమ్మరి కుండను చేయును.’ ఇప్పుడదే వాక్యమున రెండవ జంటను పెట్టవలెను. ‘సాలెవాడు మగ్గమును చేయును’ అనగానే పిల్లకే నవ్వు వచ్చును. నవ్వు వచ్చినచో పాఠము వచ్చినట్లే.

కొన్నిచోట్ల వాక్యము చాలునంత బిగువుగా ఉండదు. ‘ఆవు : దూడ :: కోడి : ?’ అని యున్నది. క్రింద గుడ్డు, కోడిపిల్ల రెండును ఉన్నవి. ‘ఆవు దూడను పెట్టును’ అని చెప్పుకొన్న పిల్ల ‘కోడి గుడ్డును పెట్టును’ అని వ్రాయును. ‘ఆవు బిడ్డకు దూడ యని పేరు’ అని వాక్యమును బిగించినచో గుడ్డు జారిపోవును. రెండు జవాబులు సరిపోయినట్లు తోచినపుడెల్ల తప్పు జవాబులలో లేదు, వాక్యములో ఉన్నది. దానిని ఇంకొంచెము బిగింపవలెనని పిల్లకు అలవాటు చేయుడు.

ఈ ఆవు, దూడల ప్రశ్నలోనే మఱియొక చిక్కు కలదు. ఆంగ్లభాషలో కుక్కపిల్లకు ఒక పేరు, పిల్లిపిల్లకు ఒక పేరు, గుఱ్ఱపుపిల్లకు ఒకటి, సింహపుపిల్లకు ఒకటి, గొఱ్ఱెపిల్లకు ఒకటి. మనకు ఆవుకును గేదెకును దూడ, పులికి కూన యనునట్టి కొలదిమాటలు తప్ప తక్కినవన్నియు పిల్లలే. కనుక ఆంగ్లమున పరీక్ష వ్రాయు తెలుగుపిల్ల ఇట్టి ప్రశ్న తప్పినచో, తర్కము రాక తప్పినట్లు కాదు, మాట తెలియక తప్పినది. ఆ రెండింటిని తల్లి వేఱుచేసి చూడవలెను. మాట తెలియనిచోట మందలించుట అన్యాయము. చిన్న నోటుపుస్తకములో ఆ మాట వ్రాయించి ఊరకుండవలెను.

రెండవది, చేరనిదానిని ఏఱుట. వరి, గోధుమ, జొన్న, కంది యని యిచ్చిన, వంటింట తిరుగు పిల్లకు కంది పప్పుధాన్యమని వెంటనే తెలియును. బియ్యము ఏఱునపుడు రాళ్ళను వేఱుచేసినట్లే ఇది. కాని ఒక్కొక్కప్పుడు బియ్యమేదో రాయి యేదో తెలియని ప్రశ్నయు వచ్చును. గోదావరి, కృష్ణ, మూసీ, కావేరి. ‘మూసీ కృష్ణలో కలియు ఉపనది, తక్కినవి సముద్రమున కలియును’ అనునది ప్రశ్న కూర్చినవారి ఉద్దేశము కావచ్చును. మా యెఱిగిన బాలిక యొకతె ‘కావేరి’ యని వ్రాసినది. ఏల యని యడుగగా, తక్కిన మూడును తెలంగాణలో పాఱునని చెప్పినది! ఆమె మాటలో తప్పేమున్నది? ఇట్టిచోట పిల్లను ముందు మెచ్చుకొని, పిదప మెలకువ చెప్పవలెను: వస్తువు ఉన్న చోటును బట్టి చెప్పు కారణము కంటె, ఆ వస్తువు స్వభావమును బట్టి చెప్పు కారణమునే పరీక్షకులు సామాన్యముగా కోరుదురు. ఆమె జవాబు తప్పని మాత్రము అనరాదు. అన్నచో మఱునాటి నుండి ఆలోచించుట మాని, మన ముఖము చూచి జవాబు చెప్పుట నేర్చుకొనును.

మూడవది బంధుత్వముల ప్రశ్నలు. ఇవి మన రాజ్యము. ఆంగ్లమున ‘అంకుల్’ అను ఒక్క మాటలో పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త భర్త అందఱును ఇముడుదురు. ‘ఆంటీ’ అనుదానిలో పెద్దమ్మ, పిన్ని, మేనత్త అందఱును ఇముడుదురు. మన భాషలో పిలుపు వినగానే తల్లివైపో తండ్రివైపో, పెద్దయో చిన్నయో తెలిసిపోవును. కావున ప్రశ్న ఏ భాషలో ఉన్నను, పిల్ల దానిని ముందు మన వరుసలలోనికి మార్చుకొని, జవాబు తేలిన పిదప మరల ప్రశ్న భాషలోనికి మార్చుట మేలు. కాగితముపై తాత తరము పైవరుసను, తల్లిదండ్రుల తరము నడుమను, పిల్లల తరము క్రిందను వ్రాసి గీతలు గీయించుడు. మన యింటి బలగమునే మొదట గీయించిన ఆటగా నుండును. పెద్దమ్మగారి మనుమల వఱకు పోవును.

అయినను మన వరుసలు మూడుచోట్ల మోసము చేయును. వానిని ముందే చెప్పియుంచవలెను. పెదనాన్న కూతురిని మనము అక్క యందుము, చెల్లెలందుము. పరీక్షలో సోదరి యనగా ఒకే తల్లిదండ్రుల బిడ్డ మాత్రమే. పెదనాన్న కూతురు ‘కజిన్’. రెండవది, మన భాషలో అన్నయో తమ్ముడో చెప్పక తీఱదు. ప్రశ్నలో ‘సోదరుడు’ అని మాత్రమే యుండును. పెద్దవాడని గాని చిన్నవాడని గాని ఊహింపరాదు. మూడవది తాత. అమ్మమ్మ, నాయనమ్మలను వేఱు వేఱుగ పిలుచు మనము, వారి భర్తలను మాత్రము ఇద్దఱిని తాత యనియే పిలుతుము. ‘ఈమె మా తాతగారి ఏకైక కుమారుని కుమార్తె’ అని లక్ష్మి యొక చిత్రపటమును చూపి చెప్పినచో, ఆ తాత పితామహుడైనచో పటములోనిది లక్ష్మి సోదరి, లేదా లక్ష్మియే. మాతామహుడైనచో ఆమె మేనమామ కూతురు. ప్రశ్నలో ఏ తాతయో చూచుకొనుమని పిల్లకు చెప్పుడు. ఇక మేనరికపు ఇండ్ల పిల్లల సంగతి చెప్పనే అక్కఱలేదు. మేనమామ మేనకోడలిని చేసికొన్న యింట, అమ్మమ్మయే తండ్రికి అక్క యగుటచే మేనత్త కూడ అగును. అట్టి యింటి పిల్లకు ‘తల్లి తల్లి ఏమగును?’ అన్న రెండు జవాబులు తోచుట సహజము. పరీక్షకులకు ఒక్కటే తెలియునని నవ్వుచు చెప్పవలెను.

దిక్కులకు వాకిట ముగ్గు కంటె మంచి పలక లేదు. చుక్కలు పెట్టిన పిదప, గీతలు కలుపకమునుపు, పిల్లను ఒక చుక్క వద్ద నిలిపి ‘ఉత్తరముగా నాలుగు చుక్కలు, తూర్పుగా మూడు, దక్షిణముగా నాలుగు’ అని నడిపించుడు. బయలుదేరిన చుక్కకు తూర్పున మూడు చుక్కల దూరమున నిలిచియుండును. పిల్లలు తప్పునది దిక్కులలో కాదు, కుడియెడమలలో. ఉత్తరముఖముగ నిలిచినపుడు కుడిచేయి తూర్పు. దక్షిణముఖమైనపుడు అదే కుడిచేయి పడమర. సికింద్రాబాదు పిల్లలకు దీనిని నేర్పుటకు ట్యాంకుబండును మించిన చోటు లేదు. ఇచటి నుండి హైదరాబాదునకు కట్టమీదుగా పోవునపుడు హుస్సేన్‌సాగరు కుడివైపుననుండును, తిరిగివచ్చునపుడు ఎడమవైపున. చెఱువు కదలలేదు, మనమే తిరిగితిమి. సాయంకాలము ప్రొద్దు ఆ నీళ్ళమీదనే క్రుంకును గనుక, చెఱువున్నది పడమర యని పిల్ల తానే చెప్పగలదు. బస్సు కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి ఒక్కసారి చూపినచో పది లెక్కలు చేయించినంత.

సంకేతభాష యనినంతనే తల్లులు జడిసెదరు. చిన్ననాట ‘క’ భాష మాటలాడిన వారెవ్వరును జడియ నక్కఱలేదు. ప్రతి యక్షరమునకు ముందు ‘క’ చేర్చి ‘నీరు’ అనుటకు ‘కనీకరు’ అని, పెద్దలకు తెలియకుండ గుసగుసలాడుకొన్న ఆటయే ఇది. పిల్లచేత మొదట తెలుగు అక్షరములతోనే ఆడించుడు. ప్రతి అక్షరమునకు బదులు వర్ణమాలలో దాని ప్రక్క అక్షరము వ్రాయవలెనన్నచో, ‘కమల’ ‘ఖయవ’ యగును. ‘నగర’ ‘పఘల’ యగును. వర్ణమాల సరిగా రానివారు ఇచట బయటపడుదురు. నేటి పిల్లలలో అట్టివారు కొల్లలు. పరీక్షలో హెచ్చుగా వచ్చునవి ఆంగ్లాక్షరములే గనుక, ఇరువదియాఱింటికిని వరుస సంఖ్యలు తెలియవలెను. అన్నియు వల్లించుట కష్టము. ఐదవది ఈ, పదవది జే, పదునైదవది ఓ, ఇరువదవది టీ, ఇరువదియైదవది వై: ఈ ఐదు మైలురాళ్ళు పట్టుకొన్నచో తక్కినవి వ్రేళ్ళమీద దొరకును. చివరినుండి లెక్కింపవలసినపుడు, మొదటినుండి వచ్చు సంఖ్యను 27 నుండి తీసివేసిన చాలును.

వరుసక్రమపు లెక్కలకు విందుపంక్తిని తలచుకొనుడు. ఒకామె పంక్తిలో ఎడమనుండి ఏడవ విస్తరి యొద్దను, కుడినుండి తొమ్మిదవ విస్తరి యొద్దను కూర్చున్నదన్నచో ఎన్ని విస్తళ్ళు? పదునాఱని పిల్లలందఱును చెప్పుదురు. ఆమె విస్తరిని రెండుమార్లు లెక్కించితిమి గనుక ఒకటి తీసి పదునైదు. ఇంతే.

ఈ పరీక్షల పుట్టుక గూర్చి ఒక మాట. 1905లో పారిసు నగరమున ఆల్‌ఫ్రెడ్ బినే యను పండితుడు, తన సహచరుడు సిమోనుతో కలిసి ఇట్టి ప్రశ్నల వరుసను మొదటిసారి కూర్చెను. ఏ పిల్లలకు బడిలో ప్రత్యేకసాయము కావలెనో తెలిసికొనుటకే ఆయన ఆ పని చేసెను గాని, ఎవ్వరిని గేటు బయట నిలుపవలెనో తేల్చుటకు కాదు. పిదప ఆంగ్లదేశమున 1944 నాటి విద్యాచట్టముతో పదునొకండేండ్ల పిల్లలందఱిని పరీక్షించి, కొందఱిని గ్రామర్ స్కూళ్ళకును తక్కినవారిని వేఱు బడులకును పంపు పద్ధతి దేశమంతటను వచ్చెను. అందు మాటల తర్కమే ముఖ్యభాగము. ఆ పద్ధతి చాలచోట్ల పోయినను, కెంట్, బకింగ్‌హాంషైర్ మొదలగు జిల్లాలలో నేటికిని ఉన్నది. అచట స్థిరపడిన మన తెలుగు కుటుంబముల తల్లులును మనవలెనే పుస్తకములు ముందు వేసికొని కూర్చుండుచున్నారు.

ఆ దేశపు కథలో మన చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. ఆ వయస్సున మాటల తర్కములో ఆడపిల్లలు మగపిల్లల కంటె ముందుండిరి. దానికి మెచ్చుకొనుటకు మాఱుగ, కొన్ని స్థానిక విద్యాధికార సంస్థలు ఆడపిల్లలకు నెగ్గు మార్కును హెచ్చించి ఇరువురి సంఖ్యను సరిచేసినవి. బర్మింగ్‌హాము నగరమున గ్రామర్ స్కూళ్ళలో మగపిల్లలకు 540 స్థానములు, ఆడపిల్లలకు 360 మాత్రమే యుండెను. ఇది చట్టవిరుద్ధమైన భేదమని 1989లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, అప్పటి ప్రభువుల సభ, తీర్పు చెప్పెను. బిడ్డ తక్కువ కాలేదు, స్థలములు తక్కువయ్యెను. మన సైనిక్ స్కూళ్ళ నూటికి పది స్థానముల లెక్క చూచినపుడు ఈ సంగతి మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. ఫలితములు వచ్చిన దినమున మీకును జ్ఞప్తికి రావలెనని ఇచట వ్రాసితిమి. పేరు లేకపోయినంత మాత్రమున ‘దీనికి తెలివి లేదు’ అను మాట ఇంట ఎవ్వరి నోటను రానీయకుడు. ముఖ్యముగ, భాగము పేరే తెలివి గనుక ఆ మాట పదేండ్ల పిల్ల నమ్మును.

తర్ఫీదు ఎంత కావలెనన్నది తరువాతి ప్రశ్న. కొన్ని శిక్షణశాలలు ఏడాదికి ఏడాది పిల్లలను తెల్లవారుజాము నుండి కూర్చుండబెట్టి, వేలకు వేలు రుసుము గుంజుచున్నవి. 1950 దశకపు తొలినాళ్ళలో ఆంగ్లదేశమున ఫిలిప్ వెర్నన్ మొదలగు మనోవిజ్ఞానవేత్తలు ఈ సంగతిని పరిశీలించిరి. ప్రశ్నల తీరే యెఱుగని పిల్లకు కొలది గంటల అభ్యాసముతోనే చెప్పుకోదగిన లాభము కలుగుననియు, ఆ లాభము త్వరలోనే ఒక మెట్టు చేరి నిలిచిపోవుననియు, ఆపైన ఎంత రుద్దినను పెరుగుట స్వల్పమనియు వారు తేల్చిరి. ఆ లెక్కన, దినమునకు అరగంట చొప్పున మూడు నాలుగు నెలలు మిక్కిలి చాలునని మా అభిప్రాయము. మిగిలిన వేళ లెక్కలకు పోవలెను, ఏలయన సగము మార్కులు అందున్నవి, ఆటకును పోవలెను.

ఆ అరగంటలో ఇరువది ప్రశ్నలు చేయించుట కంటె ఎనిమిది చేయించి, ప్రతిదానికి ‘ఏల?’ అని యడుగుట మేలు. సరియైన జవాబునకును ఏల యని యడుగవలెను. తప్పు జవాబునకే యడుగుచుండినచో, అమ్మ ‘ఏల’ యనగానే తప్పినదని గ్రహించి పిల్ల జవాబు మార్చును. కూర తఱుగుచునే ఇది చేయవచ్చును. చివరి నెలలో మాత్రము గడియారము ముందుంచి చేయింపుడు. 125 ప్రశ్నలకు 150 నిమిషములనగా ప్రశ్నకు నిమిషము మీద పండ్రెండు సెకండ్లు. తెలివి భాగమును ఇరువది, ఇరువదియైదు నిమిషములలో ముగించినచో మిగిలిన కాలము లెక్కలకు దక్కును. తప్పునకు కోత లేదు గనుక ఏ ప్రశ్నయు ఖాళీగ విడువరాదు. జవాబులు గుర్తించునది ఓ.ఎం.ఆర్. కాగితము; బాల్‌పాయింటు కలముతో వృత్తమును నింపవలెను, నింపినదానిని చెఱుపుటకు వీలుండదు. పెన్సిలునకు రబ్బరునకు అలవాటుపడిన పిల్లచేత ముందే కొన్ని కాగితములు నింపించుట అవసరము. ఒక్క వృత్తము తప్పి క్రిందిదానిలో నింపినచో, ఆపైనవన్నియు తప్పును.

చివరగ భాష. ఆఱవ తరగతి పరీక్షను తెలుగులోను వ్రాయవచ్చును. దరఖాస్తులో ఏ భాష వ్రాసితిరో అదే. పిదప మార్చుటకు వీలులేదు. సికింద్రాబాదు ఇండ్లలో ఇది చిన్న చిక్కు కాదు. ఇంట తెలుగు, వీథిలో ఉర్దూ హిందీలు, ప్రక్కవాటాలో అరవము, బడిలో ఇంగ్లీషు. పిల్ల ఏ భాషలో పోట్లాడునో ఆ భాషలో ఆలోచించుచున్నదని మేము సామాన్యముగ చెప్పుచుందుము. కాని ఇచట అది చాలదు. తెలుగులో గలగల మాటలాడు ఇంగ్లీషుబడి పిల్లలు పెక్కుమంది తెలుగు అచ్చును కూడబలుకుకొని చదువుదురు. ‘మాతామహుడు’ అను మాట చూచి ఆగిపోవుదురు. ఎంచుకొన్న భాషలోనే భాషాభాగపు ప్రశ్నలు 25 కూడ ఉండునని మఱవరాదు. మా సలహా యేమనగా, దరఖాస్తు పంపుటకు ముందు పాత ప్రశ్నలు కొన్ని రెండు భాషలలోను గడియారము పెట్టి చేయించి, మార్కులును వేగమును చూచి నిర్ణయింపుడు. చేరిన పిదప ఆ పాఠశాలలలో బోధన ఇంగ్లీషులోనే యని యెఱుగుదుము. అయినను అది చేరిన తరువాతి మాట.

ఈ నెలకు మీ పిల్లలకు ఐదు ప్రశ్నలు. ‘పడవ : సరంగు :: బండి : ?’ — ఎద్దు, చక్రము, బండివాడు, దారి. శనగలు, పెసలు, మినుములు, నువ్వులు — వీనిలో చేరనిదేది? ‘పడవ’ను ‘ఫఢశ’ యని వ్రాసినచో ‘గడప’ను ఎట్లు వ్రాయవలెను? ఒక బాలిక ప్రార్థనవరుసలో ముందునుండి పండ్రెండవది, వెనుకనుండి ఆఱవది, వరుసలో ఎందఱు? ఒక స్త్రీని చూపి రాధ, ‘ఈమె మా మేనమామ తండ్రికి ఒక్కగానొక్క కూతురు’ అనెను. ఆమె రాధకు ఏమగును? ఉత్తరములు వచ్చు సంచికలో.